గంటన్నరలో నాలుగు చిన్న గ్లాసులు: బ్రూవరీలో బీర్ టేస్టింగ్ ఎలా చేయాలి

"బెంగళూరు వెళ్తున్నాం, సాయంత్రం ఒక గంటన్నర ఖాళీ ఉంది. బ్రూవరీకి వెళ్తే ఏం తాగాలి, ఎలా ఆర్డర్ చేయాలి?" ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. హైదరాబాద్‌లో గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ వైపు ఉండేవాళ్లూ ఇదే అడుగుతున్నారు. లోపలికి వెళ్లి మెనూ తెరిస్తే ఏడెనిమిది పేర్లుంటాయి, ఒక్కటీ తెలిసిన పేరు కాదు. వెయిటర్ పక్కనే నిలబడి ఉంటాడు. ఆ టెన్షన్‌లో పక్క టేబుల్ వాళ్లు తాగుతున్నదే చెప్పేస్తారు. పెద్ద మగ్గు వస్తుంది. నచ్చకపోయినా డబ్బు పెట్టాం కదా అని ఖాళీ చేస్తారు. రెండో మగ్గు వచ్చేసరికి నాలుకకు తేడా తెలియదు.

బ్రూవరీలో దొరికేదీ వైన్ షాపులో దొరకనిదీ ఒకటే: నాలుగు అడుగుల దూరంలో ఉన్న ట్యాంకులో తయారై నేరుగా గ్లాసులోకి వచ్చే తాజా బీరు. దాని రుచి తెలియాలంటే తక్కువ తాగాలి, వరసలో తాగాలి, మధ్యలో ఆగాలి. కింద చెప్పేదంతా ఈ మూడింటి కోసమే.

ఎవరు వెళ్లకూడదో ముందే చెప్పుకుందాం. 21 ఏళ్లు నిండనివాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, బండి నడిపి ఇంటికి వెళ్లాల్సినవాళ్లు టేస్టింగ్ పెట్టుకోవద్దు. నిద్రమాత్రలు, షుగర్ మాత్రలు, మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్స్ వాడుతుంటే డాక్టర్‌ను అడగకుండా తాగొద్దు. గోధుమ, బార్లీ పడనివాళ్లకు "రైస్ బీర్" కూడా సురక్షితం కాదు, అందులోనూ బార్లీ మాల్ట్ ఉంటుంది. తాగే అలవాటు లేనివాళ్లు టేస్టింగ్ పేరుతో కొత్తగా మొదలుపెట్టాల్సిన అవసరం అసలు లేదు.

కావలసినవి

- పుట్టిన తేదీ ఉన్న ఫొటో ఐడీ. తల నెరిసినవాళ్లు కూడా జేబులో పెట్టుకోండి, కొన్ని చోట్ల అందరినీ అడుగుతారు.
- ఇద్దరి నుంచి నలుగురు మనుషులు. ఆరుగురు దాటితే అది పార్టీ అవుతుంది, ఎవరూ గ్లాసు వైపు చూడరు.
- రాసుకోవడానికి ఫోన్ లేదా చిన్న కాగితం.
- కడుపు నిండా భోజనం, రెండు గంటల ముందే.
- మంచినీళ్లు. టేబుల్ మీద నీళ్లు వచ్చాకే బీరు చెప్పండి.
- తిరుగు ప్రయాణం ఏర్పాటు. మెట్రో కార్డో, క్యాబ్ యాపో, అసలు తాగని స్నేహితుడో.

వద్దన్నవి కూడా కొన్ని ఉన్నాయి. ఘాటైన సెంటు కొట్టుకుని వెళ్లకండి, గ్లాసులో వాసన బదులు మీ చొక్కా వాసనే వస్తుంది. జర్దా కిళ్లీ, పుదీనా చూయింగ్ గమ్, మౌత్‌వాష్ ఒక గంట ముందు నుంచే మానేయండి. లిప్‌స్టిక్, లిప్ బామ్ ఉంటే తుడుచుకోండి. వాటిలోని జిడ్డు తగిలితే నురగ చప్పున చచ్చిపోతుంది.

1. చోటు, సమయం ఎంచుకోండి

బెంగళూరులో మొదటిసారి అయితే పాత చోట్లకే వెళ్లండి. ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డు మీద టాయిట్ 2010 నుంచి నడుస్తోంది. మెట్రో పర్పుల్ లైన్‌లో ఇందిరానగర్ స్టేషన్ దిగి నడిచి వెళ్లొచ్చు. అమెరికాలోని మిషిగన్ నుంచి వచ్చిన ఆర్బర్ బ్రూయింగ్ కంపెనీ 2012లో మెగ్రాత్ రోడ్డులో మొదలైంది, ఎంజీ రోడ్ స్టేషన్‌కు దగ్గర. వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు పని మీద దిగినవాళ్లకు అక్కడే విండ్‌మిల్స్ ఉంది.

హైదరాబాద్‌లో 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు వచ్చాక జూబ్లీహిల్స్, హైటెక్ సిటీ, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ప్రాంతాల్లో వరసగా తెరిచారు. బ్లూ లైన్‌లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి రాయదుర్గం దాకా ఏ స్టేషన్‌లో దిగినా ఏదో ఒకటి దగ్గర్లోనే ఉంటుంది. గచ్చిబౌలి లోపలికి వెళ్లాలంటే మాత్రం రాయదుర్గం నుంచి ఆటో తప్పదు.

ఏ ఊరైనా ఒక పరీక్ష పెట్టుకోండి: లోపల ట్యాంకులు కనిపిస్తున్నాయా? స్టీల్ ట్యాంకులు అద్దం వెనకాల మెరుస్తూ ఉంటే, ఏ ట్యాంకులో ఏముందో సిబ్బంది చెప్పగలిగితే, మీరు సరైన చోటికే వచ్చారు. "క్రాఫ్ట్ బీర్" అని బోర్డు పెట్టి, బయట తయారైన కెగ్గులూ (బీరు పీపాలు) బాటిళ్లూ తెచ్చి అమ్మే పబ్బులూ ఉన్నాయి. అవి చెడ్డవని కాదు, మీరు వచ్చిన పని అక్కడ జరగదు, అంతే.

సమయం సంగతి నేను గట్టిగా చెప్తాను. వారం మధ్యలో, సాయంత్రం నాలుగు నుంచి ఆరు లోపు వెళ్లండి. శుక్ర, శనివారం రాత్రి వెళ్తే డీజే మోత, క్యూ, నిలబడి తాగడం. పక్కవాడి మాటే వినపడని చోట రుచి గురించి ఎవరిని అడుగుతారు? ఖాళీ వేళల్లో సిబ్బంది ఓపిగ్గా చెప్తారు. అదృష్టం బాగుంటే బీరు తయారుచేసే బ్రూవరే వచ్చి రెండు నిమిషాలు మాట్లాడతాడు.

జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 తేదీల్లో డ్రై డే ఉంటుంది. ఎన్నికలుంటే పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలూ మూసేస్తారు. లెక్కింపు రోజు కూడా చూసుకోండి. వేరే ఊరి నుంచి ప్లాన్ చేసుకుని వచ్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

2. తిని వెళ్లండి, కానీ కారం వద్దు

ఖాళీ కడుపుతో వెళ్తే రెండో గ్లాసుకే తల తిరుగుతుంది. అన్నం, పప్పు, పెరుగు లాంటి మామూలు భోజనం చాలు. గోంగూర మటన్, ఆవకాయ లాంటివి ఆ పూటకు పక్కన పెట్టండి. కారం నాలుక మీద ఉన్నంతసేపు చేదు సరిగ్గా అంచనాకు రాదు, సున్నితమైన వాసనలేవీ అందవు.

లోపల కూడా ఇదే పద్ధతి. టేస్టింగ్ అయ్యేదాకా వేయించిన పల్లీలు, సాదా బ్రెడ్డు, ఉప్పు తక్కువ ఉన్న చిప్స్ లాంటివి చెప్పండి. చిల్లీ చికెన్, ఆంధ్రా స్టైల్ వేపుళ్లు నాలుగు గ్లాసులూ పూర్తయ్యాక తెప్పించుకోండి. ఇది పాటించడం మన వాళ్లకు అన్నిటికంటే కష్టం, నాకు తెలుసు. కానీ సగం మంది టేస్టింగ్ చెడేది ఇక్కడే.

3. బోర్డు చదవండి

ప్రతి బీరు పక్కన మూడు వివరాలుంటాయి: స్టైల్, ఏబీవీ, ఐబీయూ.

ఏబీవీ అంటే ఆల్కహాల్ శాతం. బ్రూవరీ బీర్లు ఎక్కువగా 4 నుంచి 7 శాతం మధ్య ఉంటాయి. ఐబీయూ చేదుకు కొలమానం. మామూలు లాగర్‌లో 10 నుంచి 20 ఉంటుంది, ఐపీఏ (ఇండియా పేల్ ఏల్)లో 40 నుంచి 70 దాకా పోతుంది. కొన్ని చోట్ల ఐబీయూ రాయరు, అడిగితే చెప్తారు.

పేర్లు చూసి భయపడొద్దు. ప్రతి బ్రూవరీ తన బీర్లకు సొంత ముద్దుపేర్లు పెట్టుకుంటుంది, వాటి కింద చిన్న అక్షరాల్లో అసలు స్టైల్ ఉంటుంది. టాయిట్‌లో టిన్‌టిన్ అంటే విట్‌బియర్, వైస్ అంటే జర్మన్ గోధుమ బీరు, బాస్మతి బ్లాండ్‌లో బియ్యం పడుతుంది. ముద్దుపేరు వదిలేసి స్టైల్ చూడండి. మీకు తరచూ కనిపించేవి ఇవి:

లాగర్, పిల్స్‌నర్: పల్చగా, శుభ్రంగా, కొంచెం చేదుగా ఉంటాయి. మనం బాటిల్లో తాగే బీర్ల అసలు చుట్టాలు ఇవి. లాగర్‌ను చల్లని ట్యాంకులో వారాల తరబడి ఉంచాలి, అంత కాలం ట్యాంకు ఖాళీ అవ్వదు. అందుకే చిన్న బ్రూవరీల్లో ఏల్స్ (త్వరగా తయారయ్యే రకాలు) ఎక్కువ, లాగర్లు తక్కువ. మంచి లాగర్ పెట్టిన చోట బ్రూవర్‌కు ఓపిక ఉందని అర్థం.

హెఫెవైజెన్: జర్మన్ గోధుమ బీరు. మసకగా ఉంటుంది. అరటిపండు, లవంగం వాసన వస్తుంది. వాటిలో ఏదీ వెయ్యరు, ఆ వాసనలు ఈస్ట్ పుట్టించేవి.

విట్‌బియర్: బెల్జియం గోధుమ బీరు. ఇందులో మాత్రం నిజంగానే నారింజ తొక్క, ధనియాలు వేస్తారు. మొదటిసారి తాగేవాళ్లలో ఎక్కువమందికి ఇదే నచ్చుతుంది.

రెడ్ ఏల్, ఆంబర్ ఏల్: బెల్లం పాకం, కాల్చిన బ్రెడ్డు తరహా రుచి.

స్టౌట్, పోర్టర్: నల్లగా ఉంటాయి. వేయించిన బార్లీ వల్ల డికాషన్, చాక్లెట్ వాసన.

ఐపీఏ: హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) ఎక్కువ. నిమ్మజాతి పండ్లు, మామిడి, కొన్నిసార్లు పచ్చి ఆకుల వాసన. చివర్లో గట్టి చేదు.

సైడర్ కూడా మెనూలో ఉండొచ్చు. అది ఆపిల్ రసంతో చేసేది, బీరు కాదు. ఈ వరసలో కలపకండి.

4. ఇలా ఆర్డర్ చేయండి

"శాంప్లర్ ఉందా?" అని అడగండి. కొన్ని చోట్ల టేస్టింగ్ ప్యాడిల్, ఫ్లైట్ అంటారు. చెక్క పలక మీద నాలుగు నుంచి ఆరు చిన్న గ్లాసులు వస్తాయి, ఒక్కోదానిలో 100 నుంచి 150 మి.లీ. ఉంటుంది. ఆరు ఉంటే ఇద్దరు కలిసి ఒకటి తీసుకోండి. ఒక్కరికి నాలుగు రకాలు చాలు, ఆపైన నాలుక అలసిపోతుంది.

శాంప్లర్ లేదంటే రెండు దారులున్నాయి. ఒకటి, కొనే ముందు రుచి చూపించమని అడగడం. చాలా చోట్ల ఒక గుక్క ఉచితంగా పోస్తారు. సిగ్గుపడొద్దు, ఇది అక్కడ మామూలే. కానీ ఆరు రకాలూ అలా ఉచితంగా తాగి లేచి రావడం బాగుండదు. రెండు, ఉన్నవాటిలో చిన్న గ్లాసు చెప్పి ఇద్దరు ముగ్గురు పంచుకోవడం. ఖాళీ గ్లాసులు అదనంగా అడిగితే ఇస్తారు.

వెయిటర్‌ను తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: "వీటిలో కొత్తగా ట్యాప్ పెట్టింది ఏది?" అంటే ఇప్పుడే తయారై పోయడం మొదలుపెట్టినది. ఐపీఏ, గోధుమ బీర్ల విషయంలో ఇది చాలా ముఖ్యం. హాప్స్ వాసన వారాలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. స్టౌట్ అంత త్వరగా దెబ్బతినదు.

"మీకు ఏది ఇష్టం?" అని కూడా అడగండి. "ఏది ఎక్కువ పోతుంది?" అని అడిగితే ఎప్పుడూ గోధుమ బీరు పేరే వస్తుంది. సొంత ఇష్టం అడిగినప్పుడు మనిషి ఆగి ఆలోచించి చెప్తాడు.

5. గ్లాసుల వరస సరిచేయండి

అందరూ చేసే తప్పు: రంగు చూసి, తెల్లనిది ముందు, నల్లనిది చివర పెట్టడం. రంగు బీరు బలాన్ని చెప్పదు. నల్లగా ఉండే గిన్నెస్ డ్రాట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే. బంగారు రంగులో మెరిసే బెల్జియన్ ట్రిపెల్ 8, 9 శాతం ఉంటుంది.

చేదును బట్టి, ఆల్కహాల్‌ను బట్టి పెట్టండి. మామూలుగా ఈ వరస పనిచేస్తుంది: లాగర్ లేదా బ్లాండ్ (లేత రంగు తేలిక ఏల్), తర్వాత గోధుమ బీరు, తర్వాత రెడ్ ఏల్ లేదా స్టౌట్, చివర ఐపీఏ. 7 శాతం దాటినది ఏదైనా ఉంటే అది ఐపీఏ తర్వాత. పుల్లటి సార్ బీరు ఉంటే గోధుమ బీరు తర్వాత పెట్టి, ఆ వెంటనే కాసేపు విరామం ఇవ్వండి.

ఐపీఏ ముందు తాగితే ఆ చేదు నాలుకను పట్టుకుంటుంది. దాని తర్వాత లాగర్ తాగితే నీళ్లలా అనిపిస్తుంది. "లాగర్ చప్పగా ఉంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ వరసే.

పలక వచ్చినప్పుడు ఏ గ్లాసులో ఏముందో చెప్పించుకుని, ఫోన్‌లో ఎడమ నుంచి కుడికి రాసుకోండి. అయిదు నిమిషాల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

6. ముందు చూడండి

గ్లాసును వెలుతురు వైపు ఎత్తి అర నిమిషం చూడండి. మూడు గమనించాలి.

మొదటిది గ్లాసు శుభ్రత. బుడగలు కింది నుంచి పైకి లేస్తుంటే మంచిదే. అలా కాకుండా బుడగలు గ్లాసు లోపలి గోడకు గుంపుగా అతుక్కుని కదలకుండా ఉంటే అక్కడ జిడ్డో, సబ్బో మిగిలి ఉంది. ఆ గ్లాసులో ఎంత మంచి బీరైనా నురగ నిలవదు, రుచీ మారుతుంది. "గ్లాసు మార్చండి" అని మర్యాదగా చెప్పండి. శుభ్రమైన గ్లాసులో తాగుతుంటే ప్రతి గుక్కకూ నురగ ఒక వలయంలా గోడ మీద మిగులుతుంది. టేబుల్ దగ్గర కూర్చుని మీరు చేయగలిగిన అన్నిటికంటే తేలిక, నమ్మకమైన పరీక్ష ఇదే.

రెండోది నురగ. మన దగ్గర నురగంటే మోసమని, పోసేవాడు ఎగ్గొట్టాడని అనుకుంటారు. ఒకటి రెండు వేళ్ల మందం నురగ ఉండాలి, వాసన దాని మీదే నిలుస్తుంది. గోధుమ బీరుకు ఇంకా ఎక్కువే ఉంటుంది. అసలు నురగే లేకపోతే అనుమానించండి.

మూడోది మసక. గోధుమ బీరు, కొన్ని ఐపీఏలు మసకగానే ఉంటాయి, వడకట్టరు. లాగర్, పిల్స్‌నర్ మాత్రం తేటగా ఉండాలి. లాగర్ కొంచెం మసకగా ఉంటే బ్రూవరీలో తప్పేమీ కాదు, కానీ అందులో ముక్కలు ముక్కలుగా తేలుతుంటే అడగాల్సిందే.

7. వాసన చూడండి

గ్లాసును రెండు చుట్లు మెల్లగా తిప్పండి. ముక్కు దగ్గర పెట్టి చిన్న చిన్నగా రెండు మూడు సార్లు పీల్చండి. గట్టిగా ఒక్కసారి పీల్చితే ముక్కు మొద్దుబారుతుంది.

ఏమీ తెలియకపోతే బీరు మరీ చల్లగా ఉందని అర్థం. మన పబ్బుల్లో చాలా చోట్ల గడ్డకట్టేంత చల్లగా పోస్తారు. గ్లాసు అడుగును రెండు అరచేతులతో పట్టుకుని మూడు నాలుగు నిమిషాలు ఆగండి. హెఫెవైజెన్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. వచ్చినప్పుడు రొట్టె పిండి వాసన మాత్రమే ఉంటుంది, చేతి వేడికి అరటిపండు పైకి వస్తుంది, ఇంకాస్త ఆగితే వెనక లవంగం. స్టౌట్‌ను మొదటి నుంచే పక్కన పెట్టండి, దానికి 10 డిగ్రీల దాకా రావడమే మంచిది.

8. రెండు గుక్కలు, మూడు మాటలు

మొదటి గుక్క నోటిని అలవాటు చేయడానికి. దాన్ని బట్టి తీర్పు ఇవ్వకండి. రెండో గుక్కను నోరంతా తిప్పి మింగండి. వైన్ టేస్టింగ్‌లో ఉమ్మేస్తారు, బీరు మాత్రం మింగాకే పూర్తిగా తెలుస్తుంది. ఆ చేదు గొంతు దగ్గర ఎంతసేపు ఉంటుందో చూడండి.

ఇప్పుడు మూడే మాటలు రాయండి: వాసన ఏమిటి, రుచి తీపా చేదా పులుపా, మింగాక ఏం మిగిలింది. "టిన్‌టిన్: నారింజ, తేలిక, తీపి మిగలకుండా ముగిసింది" అంటే సరిపోతుంది. ఇంటర్నెట్‌లో చూసిన మాటలు కాపీ కొట్టకండి. మీకు ధనియాల పొడి గుర్తొస్తే ధనియాల పొడి అనే రాయండి. కొత్త చిగురు వాసనొస్తే అదే రాయండి. రేపు చదివితే మీకు అర్థమయ్యే మాట కావాలి.

పక్కవాళ్లు రాసేదాకా మీ మాట పైకి అనొద్దు. ఒకరు "అరటిపండు" అంటే టేబుల్ మొత్తానికి అరటిపండే తగులుతుంది.

9. ఆగండి

గ్లాసుకూ గ్లాసుకూ మధ్య సగం గ్లాసు మంచినీళ్లు, రెండు పల్లీలు లేదా బ్రెడ్డు ముక్క. ఒక్కో గ్లాసుకు కనీసం పదిహేను నిమిషాలు పెట్టుకోండి. నాలుగుకు గంట అవుతుంది, అటూఇటూ మాటలతో గంటన్నర. నచ్చనిది పూర్తి చేయాల్సిన పని లేదు. పలక మీదే వదిలేయండి.

10. తేడా వాసనలొస్తే

స్టైల్‌కు తగని వాసన వస్తే అది బీరు లోపమే కావొచ్చు. కొన్ని గుర్తులు:

- వెన్న, పాప్‌కార్న్ వాసన: ఈస్ట్ పని పూర్తి కాకముందే తీసేశారు, లేదా ట్యాపు గొట్టాలు శుభ్రంగా లేవు.
- ఉడికించిన మొక్కజొన్న: మరిగించడంలోనో, చల్లార్చడంలోనో పొరపాటు.
- పచ్చి ఆపిల్: బీరు ఇంకా పచ్చిగా ఉంది, తొందరపడి ట్యాప్ పెట్టారు.
- తడిసిన అట్టపెట్టె: పాతబడింది, గాలి తగిలింది.
- వెనిగర్: సార్ బీరు కాకపోతే గొట్టాల్లోనో కెగ్గులోనో సూక్ష్మజీవులు చేరాయి.

చెప్పే పద్ధతి ముఖ్యం. "బాలేదు" అంటే మీకు నచ్చలేదనుకుంటారు. "బాస్, ఇందులో వెన్న వాసన వస్తోంది, ఒకసారి చూస్తారా?" అంటే బ్రూవర్ దాకా మాట వెళ్తుంది. బాధ్యతగల చోట వెంటనే మారుస్తారు. ఒక మినహాయింపు గుర్తుంచుకోండి: కొన్ని ఇంగ్లిష్ ఏల్స్‌లో లేత వెన్న వాసన ఉండొచ్చు, హెఫెవైజెన్‌లో లవంగం ఉండి తీరాలి. అవి లోపాలు కావు.

11. మీకు నిజంగా తెలిసిందా అని చూసుకోండి

నాలుగూ అయ్యాక ప్రతి గ్లాసులో ఒక గుక్క మిగిల్చి ఉంచండి. ఇప్పుడు వెనక్కి వెళ్లి మొదటి గ్లాసు మళ్లీ రుచి చూడండి. మొదట రాసిన మాటలు ఇప్పుడూ సరిపోతున్నాయా? చాలాసార్లు మారతాయి, మారితే పక్కనే రాసుకోండి.

తర్వాత అసలు పరీక్ష. కళ్లు మూసుకోండి, స్నేహితుడు రెండు గ్లాసులు మార్చి చేతికిస్తాడు. వాసనతో, ఒక్క గుక్కతో ఏది ఏదో చెప్పండి. విట్‌బియర్, స్టౌట్ తేడా ఎవరైనా చెప్తారు. విట్‌బియర్, హెఫెవైజెన్ మధ్య చెప్పగలిగితే మీ గంటన్నరకు ఫలితం దక్కింది. చెప్పలేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో వెతకండి: కారం తిన్నారా, బీరు మరీ చల్లగా ఉందా, నీళ్లు తాగకుండా వరసగా తాగేశారా? దాదాపు ఎప్పుడూ ఈ మూడిట్లో ఒకటే కారణం.

ఇక్కడికి టేస్టింగ్ అయిపోయింది. నచ్చినదాని పేరు రాసుకుని భోజనం చెప్పుకోండి. ఇప్పుడు చిల్లీ చికెన్ తెప్పించుకోవచ్చు.

12. బిల్లు చూడండి

శాంప్లర్ చెప్తే శాంప్లరే వేశారా, విడి గ్లాసులుగా వేశారా చూడండి. మద్యం మీద జీఎస్టీ ఉండదు, తిండి మీదే ఉంటుంది. సర్వీస్ ఛార్జ్ మీ ఇష్టం. దాన్ని బిల్లులో తనంతట తానుగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమని అడగొచ్చు. మీకు ఓపిగ్గా చెప్పిన మనిషికి టిప్పు నేరుగా చేతికివ్వండి.

13. ఇంటికి వెళ్లడం

"నాలుగు చిన్న గ్లాసులే కదా, బండి నడపొచ్చా?" ఇది నన్ను చాలామంది అడుగుతారు. నడపకూడదు. లెక్క వేసి చూపిస్తాను.

150 మి.లీ. గ్లాసులు నాలుగంటే 600 మి.లీ. సగటున 5 శాతం అనుకుంటే అందులో 30 మి.లీ. ఆల్కహాల్, బరువులో దాదాపు 24 గ్రాములు. 70 కిలోల మగవాడి రక్తంలో ఇది 100 మి.లీ.కు 50 మిల్లీగ్రాముల దాకా చేరొచ్చు. 55 కిలోల స్త్రీకి ఇంకా ఎక్కువ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం హద్దు 30 మిల్లీగ్రాములే. శరీరం గంటకు కరిగించేది సుమారు 15 మిల్లీగ్రాములు. అంటే గంటన్నర కూర్చున్నాక కూడా మగవాడికి అంకె 30 అంచునే ఉంటుంది, స్త్రీకి దాటే ఉంటుంది. నెమ్మదిగా తాగి, నిక్షేపంగా ఉన్నానని అనిపించినా బ్రీత్ అనలైజర్ ముందు దొరికిపోవచ్చు. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారికి రెండేళ్ల దాకా జైలు లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. జరిమానా ఒక ఎత్తు, రోడ్డు మీద ఎదురొచ్చే మనిషి ప్రాణం ఇంకో ఎత్తు. కాఫీ తాగినా, చన్నీళ్లు కొట్టుకున్నా, నిమ్మకాయ నమిలినా రక్తంలో అంకె తగ్గదు.

బండి మీద వెళ్లి "తర్వాత చూద్దాం" అనుకోవద్దు. తర్వాత అందరికీ నడపగలమనే అనిపిస్తుంది. ఇంటి దగ్గరే బండి వదిలేసి బయల్దేరండి. చివరి మెట్రో టైము వెళ్లే ముందే చూసుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు

అక్కడి ట్యాప్‌రూమ్‌లలో పద్ధతి ఇదే, ఇంకా తేలిక. ఫ్లైట్ అంటే చాలు, సాధారణంగా నాలుగు గ్లాసులు, ఒక్కోటి 4 నుంచి 5 ఔన్సులు వస్తాయి. చాలా చోట్ల కిచెన్ ఉండదు, బయట ఫుడ్ ట్రక్ ఉంటుంది లేదా మీరే తెచ్చుకోవచ్చు, కాబట్టి ముందే తిని వెళ్లండి. ఐపీఏలు మన దగ్గరికంటే బలంగా ఉంటాయి, 8 శాతం దాటేవి కూడా చాలా చోట్ల మెనూలో ఉంటాయి. ఏబీవీ చూడకుండా ఏదీ చెప్పకండి. వయసు 21 నిండాలి. ఐడీ కింద స్టేట్ ఐడీ లేదా పాస్‌పోర్ట్ అడుగుతారు, మన ఆధార్ పనికిరాదు.

స్టూడెంట్ వీసా, వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు ఇంకో విషయం తెలుసుకోవాలి. తాగి నడిపి అరెస్టయితే, కోర్టులో కేసు తేలకముందే వీసా రద్దయ్యే అవకాశం ఉంది. ఆ సాయంత్రానికి క్యాబ్ ఖర్చును కూడా టేస్టింగ్ ఖర్చులోనే కలుపుకుని బయల్దేరండి.